బోడి రాళ్ల మీద అంకెలు

పోయిన వారం సర్వేయరుని కొండవాలులో, మసిబారిన హద్దురాయి ముందు మోకాళ్ల మీద వదిలేసి మన దారిన మనం వచ్చేశాం. వారమంతా పాపం అక్కడే ఉండిపోయిందేమోనని బెంగపడిన పాఠకులు స్థిమితపడవచ్చు. మనకి వారం గడిచింది గాని ఆమెకి ఒక్క రాత్రే గడిచింది. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు, అది వేరే సంగతి.

కథ మర్చిపోయినవారి కోసం నాలుగు ముక్కలు. ఎగువ అడవి, దిగువ అడవి అని పక్కపక్కనే రెండు జాతీయ అడవులు. ఎగువ అడవి రేంజరు సర్వేయరుకి సొంత అన్నయ్య. దిగువ అడవి రేంజరు ఆమె భర్త. ఇద్దరూ కలిసి శిక్షణ పొందినవాళ్లు, ఆ స్నేహంలోనే ఈ సంబంధం కుదిరింది. రెండింటి మధ్యా ఉన్న లోయ ఇన్నాళ్లూ ఎగువవాళ్లది. ఇకమీదట దిగువవాళ్లదని, హద్దు వాగు దగ్గరనుంచి కొండ నెత్తికి జరుపుతున్నామని పైనుంచి ఉత్తర్వు దిగింది. ఉత్తర్వు దిగినంత మాత్రాన హద్దు జరగదు. ఆ శాఖలో ఒక పద్ధతి ఉంది. లోయలోని ప్రతి రాయి దగ్గరా ఇచ్చేవాళ్లు తమ అంకె మీద సున్నం కొట్టాలి, పుచ్చుకునేవాళ్లు దాని మీద తమ అంకె వేసుకోవాలి. రాయి మీద ఎవరి అంకె ఉంటే ఆ నేలా, ఆ గడ్డీ, ఆ గడ్డికి అంటుకునే నిప్పూ వాళ్లవే.

అన్నయ్య వేసవి ముదరకముందే గబగబా సున్నం కొట్టించి చేతులు దులుపుకున్నాడు. భర్త వానలు పడ్డాక వేద్దాంలే అని తాపీగా కూర్చున్నాడు. మంటల కాలం నా నెత్తిన వద్దంటే నా నెత్తిన వద్దని బావాబావా నవ్వుకుంటూ ఆడిన ఆట అది. ఆ వేసవంతా లోయలో రాళ్లు ఏ అంకే లేకుండా తెల్లగా నిలబడ్డాయి. కింది సిబ్బంది వాటికి బోడి రాళ్లని పేరు పెట్టారు. బోడి రాళ్ల మధ్య ఎండుగడ్డి చెక్కి, మంట దాటకుండా ఖాళీ బాట తీయడానికి ఈ ఆఫీసునుంచీ ఎవరూ పోలేదు, ఆ ఆఫీసునుంచీ ఎవరూ పోలేదు. మంట మాత్రం వచ్చింది. వచ్చి నిదానాన్ని తీసుకుపోయింది.

నిదానం దిగువ అడవిలో మంటల వాచరు. ఎంత ముంచుకొచ్చినా పరిగెత్తేవాడు కాదు కనక అందరూ అలా పిలిచేవారు. లోయలో, వాగు ఒడ్డున, చేతిలో కాగడాతో దొరికాడు. వచ్చే మంటకి ఎదురుగా వెళ్లి గడ్డిని ముందే తగలబెట్టేస్తే పెద్దమంటకి తిండి దొరక్క చస్తుంది. దాన్ని ఎదురుమంట అంటారు, వాచర్ల పనే అది. అయితే తన అడవిలో కాగడా పట్టుకుంటే డ్యూటీ, తనది కాని చోట పట్టుకుంటే నేరం. ఆ రోజు లోయ దిగువవాళ్లదైతే నిదానం మంట ఆర్పుతూ చచ్చిపోయిన మనిషి. కాకపోతే అడవికి నిప్పు పెట్టి అందులోనే పడి చచ్చిన దొంగ. ఇప్పటికైతే శాఖలో రెండో మాటే తిరుగుతోంది.

ఇక సర్వేయరు నిన్న రాయి మీద చూసింది ఏమిటంటే, అంకె. దిగువ అడవి అంకె. రాయంతా మసి, మసి మీద ఎర్రరంగు నిగనిగలాడుతోంది. మంటలో మగ్గిన రంగు పొక్కులు లేచి, పెచ్చులూడి ఉంటుంది. ఇది ఆ రంగు కాదు. మంట ఆరాక ఎవరో తీరిగ్గా వచ్చి, బోడి రాళ్లన్నిటికీ అంకెలు వేసి, లోయను తీసుకెళ్లి ఆమె భర్త మెడకి కట్టారు. భర్తేమో రెండు చేతులూ కాలి ఆసుపత్రిలో ఉన్నాడు. కుంచె పట్టుకునే స్థితిలో లేడు. మరి ఎవరు?

ఆ ప్రశ్నకి జవాబు ఆమెకి కొండ దిగేలోపే తట్టింది. తట్టినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఇంతవరకూ పోయిన వారం కథ.

తెల్లారాక సర్వేయరు అన్నయ్య క్వార్టరు మెట్లెక్కింది. మధ్యాహ్నం డివిజన్ ఆఫీసులో విచారణ. మంట ఆరాక రాళ్లు చూసినది తను ఒక్కతే, కింది సిబ్బంది రేంజర్ల మీద నోరు విప్పరు కనక, అంకెలు ఎప్పుడు వేసినవో చెప్పాల్సింది కూడా తనే. విచారణకి వచ్చిన పెద్దాఫీసరుకి మోకాళ్ల నొప్పులు. ఆయన కొండ ఎక్కడు.

ముందు గదిలో వైర్‌లెస్ సెట్టు గరగరమంటోంది. అన్నయ్య బనీనుతో నిలబడి, బల్ల మీద దుప్పటి పరిచి యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. వదిన గుమ్మం పక్కన పీట వేసుకుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. సర్వేయరు మొహం చూడగానే వదిన కత్తి పళ్లెంలో పెట్టేసింది.

"టీ తాగావా?" అన్నాడు అన్నయ్య తల ఎత్తకుండా.

"రాళ్ల మీద అంకెలు వేసింది నువ్వేనా?"

ఇస్త్రీపెట్టె ఉన్నచోటే ఆగిపోయింది.

"ఏ అంకెలు?"

"నాతో నాటకాలాడకు అన్నయ్యా. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, అబద్ధమాడేటప్పుడు నువ్వు ఎదురు ప్రశ్న వేస్తావు."

"చొక్కా కాలుతోందండీ," అంది వదిన.

అన్నయ్య ఇస్త్రీపెట్టె ఎత్తాడు. జేబు పక్కన గోధుమరంగు మరక పడింది. దాన్ని వేలితో గోకుతూ నిలబడ్డాడు. ఆ గోకడం చూస్తుంటే సర్వేయరుకి ఒళ్లు మండిపోయింది. మనిషి పోయాడు, మొగుడు మంచంలో ఉన్నాడు, ఈయనగారు చొక్కా మరక చూసుకుంటున్నాడు.

"సున్నం కొట్టించిన రోజు భోజనానికి వచ్చావే, గుర్తుందా?" అంది. "చెయ్యి కడుక్కుంటూ ఏమన్నావు? 'మా చెల్లెల్ని ఇచ్చాను, ఇప్పుడు లోయ కూడా ఇచ్చాను, ఇంకేం మిగిలింది బావా నా దగ్గర' అన్నావు. ఆయనేమో 'ఇచ్చేవాడికి తొందర గాని పుచ్చుకునేవాడికి తొందరేమిటి బావా' అన్నారు. అందరం పడీపడీ నవ్వాం. నేను కూడా నవ్వాను. ఆ నవ్వులోనే పోయాడు నిదానం."

"నేను సున్నం కొట్టించడం తప్పు కాదు. ఉత్తర్వు ఉంది."

"తప్పని ఎవరన్నారు? నువ్వెప్పుడూ తప్పు చెయ్యవు. నీ పక్కనున్నవాళ్లకే ఎందుకో అన్నీ తప్పులైపోతాయి."

"నోరు మంచిదైతే..." అని మొదలుపెట్టి అన్నయ్య మింగేశాడు.

"అంకెలు లేకపోతే అడిగేది మీ ఇద్దర్నీ. నువ్వెందుకు అంత ముందు తుడిచావని నిన్నూ, నువ్వెందుకు వెయ్యలేదని ఆయన్నీ. అంకె ఉంటే? నువ్వు ఇచ్చేశావు, ఆయన పుచ్చుకున్నారు. బాట తియ్యనిది ఆయన. మనిషి చచ్చింది ఆయన చేతకానితనం వల్ల. ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడుతుంది. నువ్వు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటికొస్తావు. చేతులు కాలినవాడి మీద, అందులోనూ సొంత చెల్లెలి మొగుడి మీద... ఎలా చేతులొచ్చాయి అన్నయ్యా నీకు?"

నీళ్లు నములుతున్న మొగుణ్ణి వదిన కాసేపు చూసింది. లేచి వెళ్లి గరగరమంటున్న వైర్‌లెస్ గొంతు తగ్గించింది.

"చెప్పెయ్యండి," అంది. "నిన్నట్నుంచీ అన్నం సయించడం లేదు మీకు. చెప్తే అదన్నా సయిస్తుంది."

"నువ్వూరుకో."

"ఊరుకునే ఇంతదాకా వచ్చింది. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. చేతిలోని చొక్కాని ఉండలా చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేనే వేశాను," అన్నాడు. "వెయ్యమన్నది బావ."

సర్వేయరుకి ముందు ఆ మాట చెవిలో పడింది గాని బుర్రకెక్కలేదు.

"ఏ బావ?"

"నాకెంతమంది ఉన్నారే బావలు? మీ ఆయన." గొంతు సవరించుకున్నాడు. "మంట ఆరిన మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను కదా. నర్సుని బయటికి పంపమన్నాడు. పంపించాను. 'బావా, నిదానాన్ని పంపింది నేను. నా నోటితో నేనే పొమ్మన్నాను, మంట వాగు దాటితే మన అడవంతా పోతుంది, వెళ్లి ఎదురుమంట పెట్టు అన్నాను. గాలి తిరిగింది. ఇప్పుడు లోయ నాది కాదంటే వాడు దొంగవుతాడు. వాడి పెళ్లాం దొంగ పెళ్లామవుతుంది. నా చేతులు పనిచెయ్యడం లేదు, నువ్వెళ్లి నా అంకె వేసెయ్' అన్నాడు. అన్నాడే, ఒట్టు. పిల్లల మీద ఒట్టు."

"పిల్లల మీద వద్దు," అంది వదిన గట్టిగా.

సర్వేయరు గోడకి ఆనుకుంది. భర్త ఆ మాటలు అంటున్నట్టే వినిపించింది. అలాంటివాడే మరి. పెళ్లైన కొత్తలో జీపు కింద పడ్డ కుక్కని ఒళ్లో పెట్టుకుని పశువుల డాక్టరు ఇల్లు వెతుక్కుంటూ తిరిగినవాడు. అంకె వెయ్యడంలో బద్ధకించినవాడే గాని, తను పంపిన మనిషికి దొంగ పేరు వస్తుంటే చూస్తూ ఊరుకోడు. ఆమెకి ఏడుపూ గర్వమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

వెంటనే కోపం కూడా వచ్చింది. అది అన్నయ్య మీద.

"ఆయనంటే నువ్వు వేసేస్తావా? 'వద్దు బావా, జైలుకి పోతావు' అనలేదా?"

"అన్నాను."

"ఎన్నిసార్లు?"

అన్నయ్య ఒళ్లో చొక్కా ఉండని విప్పాడు.

"ఒక్కసారి," అన్నాడు. "గట్టిగా కూడా అనలేదు. అంటే ఒప్పుకుంటాడేమోనని భయమేసింది. కుంచె పట్టుకుని రాయి రాయికీ తిరుగుతుంటే... ఒక పక్క ఏడుపొస్తోందే చెల్లాయ్, ఇంకో పక్క గుండెల మీంచి బరువు దిగుతోంది. ఒక్కో అంకె వేసినకొద్దీ తేలికైపోతున్నాను. మనిషన్నవాడికి అలా ఉండొచ్చా? అతను అడగకపోయినా నేను వేసేవాణ్ణేమో. అదే తెలియడం లేదు. అదే నన్ను తినేస్తోంది."

వదిన మొహం తిప్పుకుని దుంపలు మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆమె కళ్లలో మొగుడి మీద జాలి లేదు.

"నేనేం చెప్పాలి ఇప్పుడు?" అంది సర్వేయరు. ఎవరిని అడిగిందో ఆమెకే తెలియదు.

"నిజం చెప్తే చెప్పు," అన్నాడు అన్నయ్య. "దొంగ అంకెలు వేసినందుకు నా మీద కేసు పెడతారు, పెట్టనీ. నేను వద్దనను."

"నిజం చెప్తే ఈయన సంగతి తర్వాత," అంది వదిన, "ముందు నిదానం భార్య సంగతి ఆలోచించు. సామాను సర్దుకోమని మొన్ననే మనిషిని పంపారు ఆఫీసువాళ్లు. నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లు ఆమె బిందె పక్కన బిందె పెట్టడం మానేశారు. నేను చూస్తుండగానే ఒకామె 'అడివి తగలెట్టినవాడి ఇల్లు' అంది. ఈమె వినీ విననట్టు నీళ్లు పట్టుకుని వెళ్లిపోయింది. చెప్పు మరి, నిజమే చెప్పు. ఏ నిజం చెప్తావు? అంకెలు తర్వాత వేసినవన్న నిజమా, నిదానం దొంగ కాదన్న నిజమా? రెండూ ఒక నోట్లో పట్టేట్టు లేవు."

సర్వేయరు టీ తాగకుండానే మెట్లు దిగింది.

అక్కడినుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లింది. భర్త నోటినుంచి ఒక్క మాట వింటే చాలు, ఇక లోకమంతా ఒక వైపున్నా తను ఆయన వైపు నిలబడుతుంది. అదీ ఆమె లెక్క. గది బయట బల్ల మీద పోలీసు కూర్చుని ఉన్నాడు. విచారణ పూర్తయ్యేదాకా ఆయన్ని సాక్షులెవరూ కలవకూడదట. "భార్యనండీ" అంది. "అందుకేనమ్మా" అన్నాడతను, మర్యాదగానే.

తలుపుకి పైన అద్దం బిళ్ల ఉంది. మునివేళ్ల మీద లేచి చూసింది. భర్త దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా తెల్లటి కట్లతో, ఎవరివో తెచ్చి ఒళ్లో పెట్టినట్టు పడున్నాయి. అద్దం మీద వేలితో చిన్నగా కొట్టింది. ఆయన చూశాడు. ఆమె పెదవులు కదిలించి "నువ్వే చెప్పావా?" అని అడిగింది. పెళ్లైనప్పటినుంచీ మీరు అని పిలిచే మనిషి, ఆ తొందరలో నువ్వు అంది. ఆయన కట్టు కట్టిన చెయ్యి కాస్త ఎత్తి దించాడు. తల గోడవైపు తిప్పుకున్నాడు.

అవునన్నాడు అనుకుంది. తల తిప్పుకున్నది నొప్పికి అనుకుంది. మనకి కావలసిన మనుషుల విషయంలో మనం ఎంత సులువుగా అర్థం చేసుకుంటామో చూడండి.

డివిజన్ ఆఫీసు వసారాలో జనం లేరు. గోడ మీద రెండు అడవుల పటం, దాని కింద బెంచీ. బెంచీ చివర నిదానం భార్య కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఎవరికైనా అడ్డమేమోనన్నట్టు ఒదిగి కూర్చుంది. కాస్త దూరంలో అన్నయ్య నిలబడి ఉన్నాడు. వేరే చొక్కా వేసుకొచ్చాడు.

సర్వేయరు వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆమే మాట్లాడింది.

"అయ్యగారి చేతులు ఎలా ఉన్నాయమ్మా?"

"మానతాయంటున్నారు."

"మానాలి. పాపం, ఆ మంటలోకి దూకి వాగు ఒడ్డుదాకా ఈడ్చుకొచ్చారు మా ఆయన్ని. ప్రాణం పోయాక ఈడ్చుకొచ్చినా ఈడ్చుకురావడమే కదమ్మా. వదిలేసి రాలేదు." చేతివేళ్లు ఒకదాంతో ఒకటి నొక్కుకుంది. "నాకు ఇల్లూ వద్దు, ఏమీ వద్దు. ఇవ్వాళ కాకపోతే రేపైనా ఎక్కడో ఓ చోట పని దొరుకుతుంది. ఆయన నిప్పు పెట్టలేదని ఒక్క మాట, పెద్దవాళ్ల నోటినుంచి వస్తే చాలు. మా ఆయన బీడీ కూడా అడవిలో ముట్టించుకునేవాడు కాదు. గేటు దాటి బయటికొచ్చి కాల్చుకుని మళ్లీ లోపలికి వెళ్లేవాడు. అందరూ నవ్వేవారు."

సర్వేయరు ఆమె చెయ్యి పట్టుకుంది. అప్పుడే నిర్ణయం అయిపోయింది. ఇంకా ఆలోచిస్తున్నాననే అనుకుంది గాని, అయిపోయింది.

లోపలినుంచి పిలుపు వచ్చింది.

పెద్దాఫీసరు పెద్ద బల్ల వెనక, ఒక కాలు ఎత్తుపీట మీద చాపుకుని కూర్చున్నాడు. ముసలివాడే గాని చూపు చురుగ్గా ఉంది. పక్కన రాసుకునే గుమాస్తా. ఫ్యాను తిరుగుతున్నా గాలి రావడం లేదని తలుపు బార్లా తెరిచి పెట్టించాడు. వసారాలో బెంచీ అక్కడికి కనిపిస్తోంది.

"కూర్చోండమ్మా. మీరు ఎగువ రేంజరుకి చెల్లెలు, దిగువ రేంజరుకి భార్య. మామూలుగా అయితే మిమ్మల్ని సాక్షిగా పిలవకూడదు. కానీ రాళ్లు చూసిన సర్వేయరు మీరొక్కరే. ఇద్దరూ మీవాళ్లే కనక ఎటూ మొగ్గరని నా నమ్మకం." నవ్వాడు. ఆ నవ్వులో నమ్మకమేమీ కనిపించలేదు. "ఒకటే ప్రశ్న. లోయలో రాళ్ల మీద దిగువ అడవి అంకెలున్నాయి. అవి మంటకి ముందు వేసినవా? తర్వాత వేసినవా?"

సర్వేయరు ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క జాన నేల కూడా అటుది ఇటు అనలేదు. పొలాల తగాదాల్లో తల పగిలినా అనలేదు. ఒకసారి సొంత మేనమామ ఇంటి స్థలం కొలిచి, గోడ పక్కవాళ్ల నేలలో ఉందని మొహం మీదే చెప్పి, ఆయనతో మాటలు పోగొట్టుకున్న మనిషి. ఆమె మాట అంటే ఆ చుట్టుపక్కల కొలత లాంటిది. దాన్నే ఇప్పుడు ఖర్చుపెడుతోంది.

"ముందే," అంది.

"మసి మీద రంగు ఎలా ఉంది?"

"మసిబారిపోయి ఉంది. పొక్కులు లేచి ఉంది. వేసవి మొదట్లో వేసినట్టుంది."

"అంటే లోయ మీ ఆయన ఆధీనంలోకి వచ్చేసిందన్న మాట."

"వచ్చింది."

"బాట తియ్యాల్సింది ఆయనే."

"ఆయనే."

"చచ్చిపోయిన మనిషి తన డ్యూటీలోనే ఉన్నాడన్న మాట."

"అవును," అంది సర్వేయరు. ఈ ఒక్క మాటా గట్టిగా, వసారాలోకి వినపడేలా అంది. బెంచీ మీద నిదానం భార్య తలెత్తింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మొహం చూసి సర్వేయరుకి, పోనీలే, ఎంతైనా పోనీ అనిపించింది. అబద్ధం చెప్పానన్న దిగులు ఆ క్షణానికి లేదు. భర్త ఎక్కడ నిలబడ్డాడో తనూ అక్కడే నిలబడ్డాననుకుంది. వంటగదిలోనూ పడగ్గదిలోనూ కలిసి ఉండటం వేరు, ఇలాంటి చోట కలిసి నిలబడటం వేరు అనుకుంది.

పెద్దాఫీసరు కళ్లజోడు తీసి రుమాలుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తొందరేమీ లేదు ఆయనకి.

"భార్యే భర్తకి వ్యతిరేకంగా చెప్తే ఇక నేను అడగాల్సిందేమీ ఉండకూడదు," అన్నాడు. "కానీ ఒక చిక్కొచ్చి పడిందమ్మా. పొద్దున ఆసుపత్రికి వెళ్లి మీ ఆయనతో మాట్లాడి వచ్చాను."

సర్వేయరు నవ్వబోయింది. ఆయనా ఇదే చెప్పి ఉంటారు, చిక్కేముంది?

"రాళ్లు బోడిగానే ఉన్నాయన్నారు ఆయన. మంట రోజు దాకా ఒక్క అంకె కూడా వెయ్యలేదట. ఎవరినీ వెయ్యమనలేదట. లోయ తను పుచ్చుకోలేదు కనక అక్కడ జరిగినదానికి తనకి సంబంధం లేదన్నారు."

గుమాస్తా కలం ఆగింది. ఫ్యాను టకటకమంటూ తిరుగుతోంది.

"ఆ వాచరుని పంపింది మీరేనా అని అడిగాను. పంపలేదన్నారు. వాడంతట వాడే కాగడా పట్టుకుని పోతుంటే, ఏం చేస్తాడోనని ఆపడానికి వెనక పరిగెత్తానన్నారు. చేతులు కాలింది అలాగేనట."

సర్వేయరు తలుపులోంచి వసారాలోకి చూసింది. అన్నయ్య కోసం చూసింది. అబద్ధమాడింది నువ్వా, ఆయనా? ఆయన వెయ్యమనడం అసలు జరిగిందా? జరిగి, పోలీసు గుమ్మంలో కూర్చున్నాక ఆయనకి భయం పుట్టిందా? అన్నయ్య ఆమె చూపుకి చిక్కలేదు. నేలవైపు చూస్తున్నాడు. తప్పు చేసినవాడూ అలాగే చూస్తాడు, తప్పు మీద పడ్డవాడూ అలాగే చూస్తాడు.

ఏ మనిషి పక్కన నిలబడ్డాననుకుందో ఆ మనిషి అక్కడ లేడు. ఉత్త చోటు ఉంది.

"చూడండమ్మా," అన్నాడు పెద్దాఫీసరు, ఈసారి మెత్తగా. "మీరు చెప్పినదాని కింద ఇంకా సంతకం కాలేదు. కొండ మీద ఎండ, మసి, మనసు బాగాలేకపోవడం, పొరబడ్డానంటే నేను అర్థం చేసుకోగలను. మాట మార్చుకుంటే మీ ఉద్యోగానికీ ఇబ్బంది ఉండదు, మీ ఆయనకీ ఉండదు. వాచరు ఎలాగూ పోయాడు. అదే మార్చుకోకపోతే మీ ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నట్టు. అప్పుడు ఎలాగోలా నేనే మోకాళ్లు పట్టుకుని ఆ కొండ ఎక్కి రాళ్లు చూడాల్సి వస్తుంది."

రాళ్లు చూస్తే రంగు కొత్తదని ఆయనకి ఒక్క చూపులో తెలిసిపోతుంది. అప్పుడు నిదానం దొంగే అవుతాడు, తను కూడా దొంగవుతుంది. మార్చుకుంటే ఈ క్షణంలోనే నిదానం దొంగవుతాడు, తను మాత్రం ఇంటికి వెళ్లిపోవచ్చు. కట్లు కట్టిన చేతులకి అన్నం కలిపి తినిపించవచ్చు.

పెద్దాఫీసరు కలం మూత తీసి ఆమె వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు.

గుమ్మం దగ్గర వెలుగు తగ్గింది. నిదానం భార్య వచ్చి నిలబడింది. లోపలికి రావచ్చో లేదో తెలియక గడపకి అవతలే ఆగింది. గుమాస్తా లేచి "పిలిచినప్పుడు రావాలి" అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. పెద్దాఫీసరు వైపు కూడా చూడలేదు. కోపం లేదు ఆ మొహంలో, ఏడుపు కూడా లేదు.

"అయ్యగారే వచ్చి మా గుమ్మంలో నిలబడి పిలిచారమ్మా," అంది సర్వేయరుతో. "మా ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. తిని వస్తానన్నాడు. 'తినడానికి టైము లేదు, పద' అన్నారు అయ్యగారు. కంచం వదిలేసి లేచాడు. ఆ రోజు ఒక్కరోజే పరిగెత్తాడు మా ఆయన."

గుమాస్తా పెద్దాఫీసరు వైపు చూశాడు.

"నా మాట ఎవరూ నమ్మరు. నేను పెళ్లాన్ని కదా. మీ మాట నమ్ముతారు." ద్వారబంధం మీద చెయ్యి వేసి, బల్ల మీద కలం వైపు ఒకసారి చూసి, మళ్లీ ఆమె వైపు చూసింది.

"చెప్పండమ్మా, మార్చుకుంటారా?"